గోలీల డబ్బా

మా గల్లీలో ఎవరికి తల నొచ్చినా, ఒళ్లు కాలినా, నడుము పట్టుకున్నా ముందు నా గడప దగ్గరికే వచ్చేవాళ్లు. దవాఖాన తర్వాతి మాట. నా దగ్గర ఒక రేకు డబ్బా ఉండేది. ఎప్పటిదో బిస్కెట్ల డబ్బా, మూత మీది బొమ్మ చెరిగిపోయి తెల్లగా అయింది. దాని నిండా మందు గోలీలు ఉండేవి.

మా ఇల్లు కర్దనూర్‌లో, కంపెనీ బస్సులు మలిగే మూల మీద. రెండు గదులు. ఒకదాంట్లో నేనుంటాను, ఇంకోదాంట్లో ఒరిస్సా పిల్లలు ముగ్గురు కిరాయికి ఉంటారు. ఒకడు డ్యూటీకి పోతే ఒకడు వచ్చి పడుకుంటాడు. వాళ్ల భాష నాకు రాదు, నా భాష వాళ్లకు రాదు. నమస్తే అంటారు, నమస్తే అంటాను. మా ఆయన పోయి ఆరేళ్లు దాటింది. బిడ్డ జహీరాబాద్‌లో ఉంటుంది. ఆదివారం ఫోన్ చేస్తుంది. మిగతా ఆరు రోజులు నా గొంతు నాకే వినబడాలంటే ఎవరో ఒకరు గడప దగ్గరికి రావాలి.

బొల్లారంలో ఒక గోలీల కంపెనీలో ఇరవై రెండేళ్లు పని చేశాను. ప్యాకింగులో. బెల్టు మీద స్ట్రిప్పులు వరుసగా వస్తుంటే చూస్తూ కూర్చోవాలి. ఏ గూట్లోనైనా గోలీ లేకపోతే ఆ స్ట్రిప్పు తీసి పక్క గంపలో వేయాలి. అంతే పని. మూడో తరగతి చదువుకు అది పెద్ద కొలువే. ఖాళీ గూడు నా కంటిని దాటి పోయిందని ఏ సూపర్‌వైజరూ ఒక్కనాడూ అనలేదు. తెల్లవి, పచ్చవి, గులాబీ రంగువి, నడుమ గీత ఉన్నవి, గీత లేనివి, అన్నీ నా కళ్ల ముందు నుంచి పోయినవే. ఏది ఎందుకు వేసుకుంటారో మాత్రం ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగితే బెల్టు ఆగుతుందా.

మా ఆయన పోయినప్పుడు ఆయన మందులు ఒక కవరు నిండా మిగిలాయి. తినేదైనా వేసుకునేదైనా పారేయడానికి నాకు చేతులాడవు. డబ్బాలో పెట్టాను. ఆ తర్వాత నా దగ్గర గోలీలు ఉన్నాయని తెలిసి గల్లీ ఆడవాళ్లు తమ ఇళ్లలో మిగిలినవి కూడా తెచ్చి ఇయ్యడం మొదలుపెట్టారు. జ్వరం తగ్గిందని ఒకరు రెండు, కాన్పు అయిందని ఒకరు పది. నేను కత్తెరతో స్ట్రిప్పును ఒక్కొక్క గోలీగా కత్తిరించేదాన్ని. మొత్తం స్ట్రిప్పు చేతికిస్తే వాడి పారేస్తారు, ఒక్కటిస్తే లెక్కగా వేసుకుంటారు. రంగును బట్టి అగ్గిపెట్టెల్లో వేరు చేసి పెట్టాను.

ఎవరైనా వస్తే ఊరికే ఇచ్చేదాన్ని కాదు. ముందు నాలుగు తిట్లు ఉండేవి. ఎండలో ఎందుకు తిరిగినవ్, పొద్దటి అన్నం ఎందుకు తిన్నవ్ అని. వాళ్లు నవ్వుకుంటూ గడప మీద కూర్చునేవాళ్లు. గోలీ వేసుకొని, చెంబెడు నీళ్లు తాగి, అత్త ముచ్చట, కొడుకు ముచ్చట చెప్పి లేచిపోయేవాళ్లు. ఒక్కొక్కరు కాసేపే ఉండేవాళ్లు. నా పొద్దు మాత్రం వాళ్లతోనే గడిచేది.

పోయిన ఎండాకాలం మొదట్లో ఒక పిల్ల వచ్చింది. సంగారెడ్డిలో నర్సింగు చదువుతోంది. బస్సు దిగి, షేర్ ఆటో ఎక్కి, మా మూల మీద దిగేది. తెల్లకోటు చేతి మీద వేసుకొని, బీపీ చూసే మిషను సంచీలో పెట్టుకొని. నాలుగు నెలలు మా బస్తీకి వచ్చి ఆరోగ్యం సంగతులు చెప్పాలట. అది దాని చదువులో భాగమట. మొదటి రోజు అంగన్‌వాడీ గదిలో మీటింగు పెట్టింది. వచ్చింది నేను, ఆయా, నిద్రపోతున్న ఇద్దరు పసిపిల్లలు. గోడకు గుండె బొమ్మ తగిలించి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివింది. ఆయా కూడా కునుకు తీసింది. రెండోసారి నేనూ పోలేదు.

ఆ మధ్యాహ్నం అది నా గడప మీదికి వచ్చి కూర్చొని తాను తెచ్చుకున్న డబ్బా అన్నం తిన్నది. పప్పు, ఇంత తొక్కు. కళ్లల్లో నీళ్లున్నాయి గానీ కారంతో అన్నట్టు తుడుచుకుంది. నాకు జాలి రాలేదు, కోపం వచ్చింది. పదకొండు గంటలకు మీటింగు పెడితే ఎవరు వస్తారు? పొద్దటి డ్యూటీ వాళ్లు తిరిగి రాకముందే వంట కావాలి, రెండు గంటల డ్యూటీ వాళ్లకు సద్ది కట్టాలి.

"నీ మాట ఇనాల్నంటే నల్లా కాడికి రా పిల్లా. లైనిడిసిపెట్టి ఎవ్వతీ పోదు" అన్నాను.

ఎద్దేవా చేయడానికే అన్నాను. అది నిజమనుకొని వచ్చింది.

మాకు రోజు విడిచి రోజు సాయంత్రం నాలుగింటికి నల్లా వస్తుంది. మూడున్నరకే బిందెలు వరుసగా పెట్టి ఆడవాళ్లంతా నిలబడతారు. ఆ పిల్ల ఆ వరుస వెంట నడుస్తూ చెప్పడం మొదలుపెట్టింది. పుస్తకం సంచీలోనే ఉంచింది. రోజుకు ఒక్క సంగతి. ఒకరోజు విరేచనాలైతే లీటరు నీళ్లలో ఎంత చక్కెర, ఎంత ఉప్పు అనేది చెంచాతో కలిపి చూపించింది. ఇంకోరోజు డాక్టరు చీటీ మీద గీతల అర్థం చెప్పింది. సదువుకున్న పిల్లవు, పెండ్లెప్పుడు అని ఆడవాళ్లు ఆట పట్టించేవాళ్లు. మీ బీపీలన్నీ తగ్గినంక అనేది. వారం తిరిగేసరికి తమ వంతు వచ్చినా పక్కకు జరగకుండా వినేవాళ్లు తయారయ్యారు. దానికి నల్లా దారి చూపించింది నేనే అని ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు, ఒకరి మందులు ఒకరు వేసుకోవద్దు అని చెప్పింది. చెప్పి నోరు మూయకముందే వరుసలో ఉన్నవాళ్లంతా నా వైపు చూశారు. ఒకామె నవ్వి, "గట్లయితే మా పెద్దమ్మ దుకాణం బంద్" అన్నది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

బిందె ఎత్తుకొని వస్తుంటే ఆ పిల్ల నా వెనకే వచ్చింది. డబ్బా చూస్తానని అడిగింది. చూపించలేదు.

"నువ్వు పుట్టకముందు సంది గోలీలు సూస్తున్న. నాకు నేర్పుతవా?"

"నేర్ప అవ్వా. నువ్వే నాకు చెప్పు. ఏది దేనికి?"

తెల్లది జ్వరానికి, పచ్చది నొప్పులకు, నడుమ గీత ఉన్న చిన్న తెల్లది కళ్లు తిరిగితే అని చెప్పాను. అది వాదించలేదు. తల ఊపి, ఆటో వస్తే ఎక్కి పోయింది. గెలిచాననుకున్నాను.

ఆ చిన్న తెల్ల గోలీ నాదే. మూడేళ్ల కింద కళ్లు తిరిగి పొయ్యి దగ్గర కూలబడితే సర్కారు దవాఖానలో రాసి ఇచ్చారు. రోజుకొకటి వేసుకోమన్నారు. నేను కూరగాయల కత్తితో సగానికి కోసి వేసుకునేదాన్ని. నెలవి రెండు నెలలు వచ్చేవి. లైన్లో నిలబడే పనీ తప్పేది, గోలీలూ మిగిలేవి.

ఎదురింటి ఆమె నన్ను అక్కా అంటుంది, నేను చెల్లె అంటాను. ఒక కంపెనీ క్యాంటీనులో రొట్టెలు చేస్తుంది. ఒకరోజు పొద్దున్నే వచ్చి గడప మీద కూర్చుంది. రెండు రోజులుగా కడుపు బాగాలేదని, లేస్తే కళ్లు తిరుగుతున్నాయని చెప్పింది. నేను తిట్టవలసిన నాలుగూ తిట్టి డబ్బా తీశాను. సగం గోలీలు నాలుగు తీసి చేతిలో పెట్టాను. నాకు గిట్లనే తిరిగితే గిదే ఇచ్చిన్రు, పొద్దుకొకటి ఏసుకో అని చెప్పాను. ఒకటి అక్కడే వేసుకుంది. మిగిలినవి కొంగున కట్టుకుంది. ఆ రోజు చాలాసేపు కూర్చుంది. వాళ్ల అమ్మ జొన్నరొట్టె చేతితో ఎట్లా తట్టేదో చూపించింది. అందుకే నాకు ఆ రోజు బాగా గుర్తుంది.

మర్నాడు సాయంత్రం నల్లా దగ్గర నిండు బిందె చంకకు ఎత్తుకుంటూ పడిపోయింది. జారిపోలేదు, మనిషి ఉన్నదున్నట్టు ఒరిగిపోయింది. బిందె ఒక దిక్కు, ఆమె ఒక దిక్కు. ఆ పిల్ల అక్కడే ఉంది. పడుకోబెట్టి, కాళ్లు కొంచెం ఎత్తులో పెట్టించి, మిషను కట్టి చూసింది. దాని మొహం మారింది. బీపీ బాగా పడిపోయిందన్నది. మణికట్టు వాచి వంకర తిరిగింది. ఆటో పిలిచి, పటాన్‌చెరు దవాఖానకు తీసుకుపోయేముందు అడిగింది, ఏమన్నా మందులు వేసుకుంటున్నావా అని.

"ఏం లేదు" అన్నది చెల్లె.

నేను పక్కనే ఉన్నాను. ఆమె తలను నా ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. నా మీద మాట పడనియ్యక అట్లా అన్నదనుకున్నాను. నన్ను కాపాడిందనుకున్నాను. నోరు తెరవలేదు.

చేతికి పట్టీ వేసి పంపారు. మూడు నాళ్లు జావ కాచి ఇచ్చాను. తను గోలీ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అప్పటికి నాకు భయం తప్ప ఏమీ తెలియదు. కడుపు బాగాలేక నీరసంతో పడిందనే అందరూ అనుకున్నారు. ఆ పిల్ల కూడా అదే అనుకొని నల్లా దగ్గర ఎండదెబ్బ గురించి చెప్పింది. క్యాంటీను వేడి గురించి చెప్పింది. అది ఎంత శ్రద్ధగా చెబుతుంటే నాకు అంత ఇబ్బందిగా ఉండేది. తెలిసీ తెలియని పిల్ల ఉన్న కారణాన్ని వదిలి లేని కారణం కోసం తిరుగుతోందని నాకెందుకో అనిపించేది.

ఆ వారమే మా ఇంటికి వచ్చి నా బీపీ చూసింది. ఎక్కువ ఉంది. మందులు చూపించమంటే పీట మీద కోసి పెట్టిన సగం గోలీలు చూపించాను. అది ఒక సగం చేతిలోకి తీసుకొని చూసింది. తర్వాత కోప్పడకుండా చెప్పింది. సగం వేసుకుంటే సరిపోదని, అందుకే ఎక్కువుందని. ఈ గోలీ రక్తం జోరును తగ్గిస్తుందని.

"జోరు లేనోళ్లు ఏసుకుంటే?" అని అడిగాను.

"ఇంక తగ్గుతది అవ్వా. కడుపు బాగలేక నీళ్లు పోయినోళ్లకయితే మరీ. లేసి నిలబడంగనే పడిపోతరు."

ఇరవై రెండేళ్లు నా కళ్ల ముందు పోయిన గోలీ గురించి అడిగిన మొదటి ప్రశ్న అది. జవాబు చెప్పింది మనవరాలి వయసు పిల్ల. టీ పెడతానని లేచాను. చక్కెర ఎక్కడుందో నాకు దొరకలేదు.

అది పోయాక ఎదురింటికి పోయాను. చెల్లె మంచం మీద కూర్చొని ఎడమచేత్తో బియ్యం ఏరుకుంటోంది. ఆ గోలీలు ఏం చేసినవని అడిగాను. కొంగు ముడి విప్పి చూపించింది. రెండు సగాలు మిగిలి ఉన్నాయి.

"దవాఖాన పరేషాన్ల మర్చిపోయిన అక్కా. రేపటి సంది మల్ల ఏసుకుంట."

"మరి ఆ పిల్ల అడిగితే ఏం లేదన్నవేంది?"

ఆమె నన్ను వింతగా చూసింది. "మందులు అడిగింది గద. నువ్విచ్చింది మందెట్లయితది? ఇంట్లదే గద."

నన్ను కాపాడలేదు. కాపాడవలసింది ఏదో ఉందని కూడా ఆమెకు తెలియదు. ఆ రెండు సగాలు నా చేతిలోకి తీసుకున్నాను. ఇవి నీకు పడవు అన్నాను. ఎందుకు పడవో చెప్పలేదు. సరే అక్కా అన్నది. అంత నమ్మకం. గల్లీ దాటి నా గడప దాకా పది అడుగులు ఉండవు. ఆ పది అడుగులు ఎట్లా నడిచానో నాకే తెలుసు.

నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. డబ్బా ఉంటుంది, గడప మీదికి మనుషులు వస్తారు, అంతా ఎప్పటిలాగే నడుస్తుంది. చెబితే డబ్బా పోతుంది. డబ్బా పోతే నా దగ్గరికి ఎవరు వస్తారు? ఒట్టి ముసలిదాని తిట్ల కోసం ఎవరన్నా వస్తారా? రెండు రోజులు ఇదే తిరిగింది తలలో. ఆ రెండు రోజుల్లోనే పక్క గల్లీ నుంచి బాలింత ఒకతి వచ్చి నడుం నొప్పికి గోలీ అడిగింది. అగ్గిపెట్టె తెరిచాను. పచ్చ గోలీ వేళ్ల మధ్య పట్టుకున్నాను. అది దేనికో నాకు నిజంగా తెలియదు. ఎన్నడూ తెలియదు. అయిపోయినయి బిడ్డా అని పంపించాను.

మరునాడు ఆ పిల్ల ఆటో దిగగానే జరిగింది జరిగినట్టు చెప్పాను. దానికి ఏడుపు వచ్చినంత పనైంది. తాను అడిగిన తీరే తప్పన్నది. మందులని అడగకుండా, ఎవరిచ్చినా సరే ఏమన్నా మింగినవా అని అడగాల్సిందట. ఆ మాట తన పుస్తకంలో రాసుకుంది. తర్వాత నా చేయి పట్టుకుంది.

"నాకు చెప్పినవ్, చాలవ్వా. నల్లా కాడ నేను ఊర్కెనే చెప్త, ఎవరి పేరు తియ్య."

"అందరి ముంగట ఇచ్చిన. అందరి ముంగటనే చెప్త."

డబ్బా చంకన పెట్టుకొని నల్లా దగ్గరికి పోయాను. బిందె తీసుకుపోలేదు. చెల్లె కూడా, నీళ్లు పట్టడానికి వచ్చిన తన కూతురి పక్కన నిలబడి ఉంది, పట్టీ చేతిని కొంగులో వేసుకొని. నీళ్లు ఇంకా రాలేదు. చెల్లె పడింది నా గోలీతోనే అని చెప్పాను. అది కళ్లు తిరిగే దానికి కాదు, బీపీకి అని చెప్పాను. ఈ డబ్బాలో ఏది దేనికో, ఏది ఎప్పటిదో నాకు తెలియదని చెప్పాను. నా గొంతు ఎప్పటిలా కటువుగానే వచ్చింది. తిడుతున్నానని అనుకున్నారేమో, మొదట ఎవరికీ అర్థం కాలేదు.

అర్థమయ్యాక వెనక నుంచి ఒకామె అడిగింది. "మరి గిన్నొద్దులు మాకిచ్చినవేంది పెద్దమ్మా?"

డబ్బా మూతను ఇంకోసారి నొక్కి పెట్టాను.

చెల్లె ఏమంటుందోనని చూశాను. ఆమె నన్ను చూడలేదు. నల్లాను చూస్తూ మెల్లగా అన్నది. "నీ చేతిదని ఏసుకున్న అక్కా. వేరేటోళ్లిస్తే ఏసుకోకపోదును."

అప్పుడే నీళ్లు వచ్చాయి. బిందెలు చప్పుడు చేశాయి. అందరూ తమ తమ పనిలో పడ్డారు.

ఆ పిల్ల డబ్బాను నా గడప మీదే కింద పేపరు పరిచి ఖాళీ చేసింది. నేను కత్తిరించిన తీరుకు వెనక పేర్లు సగం సగం మిగిలాయి, తేదీలు ఎక్కడో పోయాయి. ఏదీ పనికి రాదన్నది. మురుగు మోరీలో వేయొద్దని, దవాఖానలో అప్పగిస్తానని కవరులో కట్టుకుంది. మా ఆయన గోలీలు కూడా వాటితోనే పోయాయి. నేను ఆపలేదు. డబ్బా మాత్రం వేడినీళ్లతో కడిగి ఎండబెట్టాను. ఇప్పుడు దాంట్లో ఎండు మిరపకాయలు పోస్తున్నాను. మంచి డబ్బా.

తర్వాత నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నల్లా దగ్గర నా వంతు నాకు ఇస్తారు. బాగున్నావా పెద్దమ్మా అంటారు. గడప మీద మాత్రం ఎవరూ కూర్చోలేదు. మధ్యాహ్నం బస్సులు పోయాక గల్లీలో అడుగుల చప్పుడైతే తలెత్తేదాన్ని. ఆ అడుగులు ఆగకుండా దాటిపోయేవి. గడప కడిగితే సాయంత్రం దాకా కడిగినట్టే ఉండేది. వారం మధ్యలో ఒకసారి మాట కోసం బిడ్డకు ఫోన్ చేశాను. ఏమైందమ్మా అని భయపడింది. ఏమీ కాలేదని పెట్టేశాను.

నాలుగు నెలలు అయిపోయి ఆ పిల్ల చివరిరోజు వచ్చింది. నా బీపీ చూసింది. గోలీ కోయకుండా నిండుగా వేసుకుంటున్నానని మిషనే చెప్పింది. పొద్దున వేసుకునే దానికి సూర్యుడి బొమ్మ గీసిన కాగితం ఇచ్చింది. స్ట్రిప్పు వెనక తేదీ ఎక్కడ ఉంటుందో, కత్తిరించినా ఆ మూల పోకుండా ఎట్లా దాచుకోవాలో నేర్పింది. అంకెలు నాకు వచ్చు. చర్చిలో నీ కోసం ప్రార్థన చేస్తానవ్వా అన్నది. చెయ్యి, ముందు పరీక్ష పాస్ కమ్మని చెప్పాను. ఆటో మలిగే దాకా చేయి ఊపింది. నేను ఊపలేదు. ఆ తర్వాత ఊపాను, అప్పటికి ఆటో లేదు.

పట్టీ విప్పిన కొన్నాళ్లకు చెల్లె నా గడప దగ్గరికి వచ్చింది. అలవాటు మీద వచ్చింది. ఒళ్లు కాలుతుందక్కా అని సగం చెప్పి ఆగిపోయింది. నేను డబ్బా ఉండే గోడ గూటి వైపు చేయి చాచి ఆగిపోయాను. ఆమె వెనక్కి తిరగబోయింది.

"ఆగు. దవాఖానకు పోదాం పా. నేనొస్త" అన్నాను.

చెప్పులు వేసుకొని తలుపు దగ్గరికి వేశాను. బస్తీ దవాఖాన మాకు నడిచే దూరమే. దారిలో ఆమె ముందు నడిచింది, నేను వెనక నడిచాను. పాత రోజుల్లో అయితే ఆ దూరానికి ఎన్ని ముచ్చట్లు వచ్చేవో. లైన్లో గంటసేపు కూర్చున్నాం. లోపల నర్సమ్మ చీటీ రాస్తూ అడిగింది, ఏమన్నా మందులు మింగి వచ్చినవా, ఎవరన్నా ఇచ్చినవి?

చెల్లె నా వైపు తిరిగి చూసింది. తర్వాత నర్సమ్మ వైపు తిరిగింది.

"ఏం లేదమ్మా" అన్నది. ఈసారి నిజంగానే లేదు.

మందులు ఇచ్చారు. తేదీ నేనే చదివి చెప్పాను, ఇంకా ఏడాది ఉంది. తిరిగి వచ్చాక ఆమె తన గడప దగ్గరికి పోయింది, నేను నా గడప దగ్గరికి వచ్చాను. పోతూ పోతూ మళ్లీ చూపించుకోవడానికి మూడు రోజులకు రమ్మన్నారని చెప్పింది. నాకు వినబడిందని, విన్నానని ఆమెకు తెలియాలి కదా అని, గడప మీద నిలబడి గట్టిగానే అన్నాను.

"పొద్దుగాల్నే పోదాం. లేటయితే లైను పెరుగుతది."

ఆమె తల ఊపి తలుపు వేసుకుంది.